సాధ్యమైన లక్ష్యం ఎవరికి సాధ్యం?

“ప్రతిభ వున్నవాడికి పత్రికలో చోటు వుంటుంది” అనే మాట సంపాదకవర్గాలలో తరుచు వినిపిస్తుంది. వినడానికి బాగానే వున్నది. పరీక్షకు పెడితే నిలవదు.

2006లో ఢిల్లీలోని 37 వార్తాసంస్థలలో 315 మంది నిర్ణయాధికారుల వివరాలు ముగ్గురు పరిశోధకులు సేకరించారు. వారిలో దళితులుగాని, ఆదివాసులుగాని ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ నివేదిక 121 నాయకత్వ పదవులను పరిశీలించింది. 106 అగ్రకులాల చేతిలో వున్నవి. షెడ్యూల్డు కులాలకు, తెగలకు ఒక్కటీ దక్కలేదు. ప్రతిభ కులం చూసి పుడుతుందని నమ్మేవారికే ఇందులో వింత కనిపించదు.

డొంకరాయి సంగతి చూడండి. సీలేరు నీటిని అక్కడ ఆనకట్ట కట్టి నిలిపారు. అక్కడి జలవిద్యుత్కేంద్రం శక్తి 25 మెగావాట్లు. ఆ కొండలలో బతికేది కొండరెడ్లు, కొండదొరలు తదితర తెగలవారు. వారి బతుకును గురించి రాసేదెవరు? మన్యం నుంచి వార్త పంపేది ఎక్కువగా స్ట్రింగరు. నెలజీతం లేక, అచ్చయిన మేరకు డబ్బు పుచ్చుకునే విలేకరి. మరో ఆదాయం వుంటేగాని ఆ పనిలో నిలవలేడు. దుకాణమో, కాంట్రాక్టో వున్నవాడు నిలుస్తాడు. పోడు చేసుకునే ఇంటి పిల్లవాడు తప్పుకుంటాడు. అతనికి లేనిది ప్రతిభ కాదు, పెట్టుబడి.

ఇక లక్ష్యాల మాట. 2000 నాటికి న్యూస్‌రూములలో అల్పసంఖ్యాక జాతుల పాలు జనాభాలో వారి పాలుతో సమానం కావాలని అమెరికా పత్రికాసంపాదకుల సంఘం 1978లో నిశ్చయించింది. అప్పుడది సుమారు 4 శాతం. 2000లో సుమారు 12 శాతం. గడువు తీరకముందే, 1998లో, లక్ష్యాన్ని 2025కు జరిపారు. 2019లో ఆ సంఘమే మరొక సంఘంతో విలీనమైంది. సమానత్వం మాత్రం రాలేదు. వారు ఏటేటా లెక్క తీశారు; అది మెచ్చదగినదే. కాని లక్ష్యం తప్పిన పత్రికకు నష్టమేమీ లేకపోయింది. చేరినవారిని నిలుపుకునే ఏర్పాటూ చాలలేదు.

మనకు చట్టం అండ కూడ తక్కువ. షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించిన 2000 నాటి 3వ నంబరు జీ.వో.ను సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. ప్రైవేటు పత్రికకు రిజర్వేషను వర్తించనే వర్తించదు.

కనుక నా దృష్టిలో సాధ్యమైన లక్ష్యాలు మూడు. ప్రతి పత్రికా స్ట్రింగర్లతో సహా తన సిబ్బంది లెక్కను ఏటా ప్రకటించాలి. మండల విలేకరికి నెలజీతం ఇవ్వాలి. జర్నలిజం పాఠశాలల ఎంపికలో కువి, కోయ వంటి భాషల పరిజ్ఞానాన్ని అర్హతగా లెక్కించాలి.

యజమానుల పత్రికలో ఇది వట్టి సంస్కరణవాదమని కొందరు మిత్రులంటారు. కూలి పెంపుకోసం చేసే సమ్మెను ఆ పేరుతో మనం ఎన్నడైనా వాయిదా వేశామా? మూడింటిలో మొదటిది రేపే మొదలుపెట్టవచ్చు. విద్యార్థి సంఘాలు తమ జిల్లా ఎడిషన్లను ముందు పెట్టుకుని, మన్యం వార్త ఎవరి చేతి మీదుగా వస్తున్నదో లెక్క తీయాలి.