పాట ఆగాక వినండి

ఇళయరాజా పేరెత్తగానే అందరూ పాటల చిట్టా విప్పుతారు. పాటలు గొప్పవే, కాదన్నదెవరు? ఆయన విశ్వరూపం చూడాలంటే మాత్రం పాట ఆగాక వినాలి. అప్పుడు వినిపించే నేపథ్య సంగీతాన్ని సినిమావాళ్లు రీరికార్డింగ్ అంటారు, పొట్టిగా ఆర్.ఆర్. తెర మీద బొమ్మ తీసేసినా నిలబడే ఆర్.ఆర్.ను తెలుగు సినిమాకు ఆయన ఇచ్చినంతగా ఇంకెవరూ ఇవ్వలేదు. పక్షపాతమంటారా? అనండి, దాచుకోను.

వంశీ తీసిన ‘అన్వేషణ’ (1985) సంగతే చూడండి. అడవి, హత్యలు, పులి మీద అనుమానం, పక్షుల కూతల్లో స్వరాలు వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయి. మా అశ్వారావుపేట వాళ్లకు అడవి కొత్త కాదు. పామాయిల్ తోటలు దాటాక రాత్రిపూట చీకటి ఎంత చిక్కగా ఉంటుందో మాకు తెలుసు. ఆ చీకటి ఈ సినిమా వయొలిన్లలో ఉంది. పరుగు ఘట్టాలు కళ్లు మూసుకుని వినండి. పైన వయొలిన్లు గుంపుగా ఉరుకుతుంటే, కింద మంద్రంలో తీగవాద్యాలు తమ దారిన తాము నడుస్తుంటాయి. ఉన్నట్టుండి అన్నీ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దమూ ఆయన రాసిందే!

కచేరీలో వయొలిన్ గాయకుడి వెంట నడుస్తుంది. పైన చెప్పిన వయొలిన్ల పద్ధతిని కౌంటర్‌పాయింట్ అంటారు, అందులో అలా కాదు. రెండు మూడు వరసలు ఒకేసారి సాగుతాయి, దేని నడక దానిదే, అయినా ఒకదాన్నొకటి తొక్కుకోవు. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టారి దగ్గర నేర్చిన పాశ్చాత్య పాఠాన్ని ఈయన మన రాగాల్లోకి దించేశారు. మొదటిసారి పై వయొలిన్లనే పట్టుకుని వినండి. రెండోసారి బేస్ గిటార్‌ను మాత్రమే పట్టుకోండి. అదే సంగీతం వేరే కథ చెబుతుంది.

రీలు చూసి, హార్మోనియం ముట్టుకోకుండానే ఏ వాద్యం ఏం వాయించాలో నేరుగా స్వరలిపిలో రాసేస్తారట. వాద్యకారులు కాగితం చూసి వాయించడమే. సినిమా ఊతం లేకుండా ఈ సంగీతం నిలుస్తుందా అని అడిగేవాళ్లకు 1986లోనే జవాబొచ్చింది. ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బమ్‌ను త్యాగయ్యకూ పాశ్చాత్య స్వరకర్త బాఖ్‌కూ అంకితమిచ్చారు. బాఖ్ రాసిన స్వరాల మీద వి.ఎస్. నరసింహన్ వయొలిన్ కర్ణాటక గమకాలతో వచ్చి వాలుతుంటే ఇద్దరు పెద్దలూ ఒకే అరుగు మీద కూర్చున్నట్టుంటుంది. అవార్డుల మాటకొస్తే, ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’ రెండూ ఆయనకు జాతీయ అవార్డు తెచ్చిన తెలుగు సినిమాలు. నేపథ్య సంగీతానికే విడిగా జాతీయ అవార్డు ‘పళస్సి రాజా’ (2009)కు వచ్చింది, అది మలయాళం. 2025 మార్చి 8న లండన్‌లో సొంత సింఫనీ వినిపించారు.

ఇప్పుడేం వింటున్నాం? హీరో కారు దిగితే మోత, కళ్లజోడు తీస్తే మోత, విలన్ తుమ్మినా మోత! కంప్యూటర్లో సిద్ధంగా ఉన్న డప్పుల ముక్క, దాని మీద అర్థం లేని కోరస్ కేకలు. ఈ వారం సినిమా ఆర్.ఆర్. తీసి పోయిన వారం సినిమాకు అతికించినా ఎవరూ పోల్చుకోలేరు. నలభైమంది వయొలిన్ వాళ్లు ఒకే ఊపిరిగా కమాను లాగే చోట ఒక కీబోర్డు మీట నొక్కి సరిపెడుతున్నారు. కీరవాణిలాంటి వారు ఉన్నారు, నిజమే. వారిని చూసైనా మిగతావారికి సిగ్గు రావద్దా?

పాటల్ని క్యాసెట్లుగా, సీడీలుగా ఎన్నిసార్లు అమ్ముకున్నారో లెక్కలేదు. ఆర్.ఆర్. మాత్రం డైలాగుల కింద, పోట్లాటల కింద నలిగిపోయి ఉండిపోయింది. అభిమానులు సినిమాల్లోంచి ముక్కలు కోసుకుని వినాల్సిన గతి పట్టింది. నిర్మాతలకూ ఆడియో కంపెనీలకూ నా విన్నపం ఒక్కటే. మీ దగ్గర ‘అన్వేషణ’, ‘గీతాంజలి’, ‘శివ’ సంగీతం టేపులు మిగిలుంటే, అవి బూజు పట్టకముందే మాటల్లేకుండా విడుదల చేయండి. డబ్బులిచ్చి కొనుక్కుంటాం.