ఉమ్మడి జీవితం ఎవరి ముడిసరుకు?

కలం పట్టిన కొత్తలో రచయితకు ప్రేమించిన మనిషి నుంచి ఎదురయ్యే నిరాదరణ అంతా ఒక్కలాంటిది కాదు. రాతలతో ఇల్లు గడుస్తుందా అన్న అనుమానం వేరు, రాసే హక్కునే కాదనడం వేరు. అమెరికన్ నవలాకారుడు స్కాట్ ఫిట్జెరాల్డ్, అతని భార్య జెల్డా కాపురంలో రెండూ కనిపిస్తాయి. మొదటిది అతనికి ఎదురైంది, రెండోది ఆమెకు.

1919లో 22 ఏళ్ల స్కాట్ న్యూయార్క్‌లో ఒక ప్రకటనల సంస్థలో చిన్న ఉద్యోగం చేస్తూ కథలు రాసేవాడు. పత్రికలు పంపిన 122 తిరస్కరణ చీటీలు గది గోడల చుట్టూ ఉండేవని తర్వాత తనే చెప్పుకున్నాడు. అలబామాలో ఉన్న జెల్డా, అతని సంపాదన మీద నమ్మకం కుదరక జూన్‌లో నిశ్చితార్థం రద్దు చేసుకుంది. అతను ఉద్యోగం వదిలి సెయింట్ పాల్‌లోని తల్లిదండ్రుల ఇంటికి చేరాడు. మేడమీది గదిలో కూర్చుని, అంతకుముందు తిరిగొచ్చిన నవలను మళ్లీ రాశాడు. సెప్టెంబరులో స్క్రైబ్నర్స్ సంస్థ దాన్ని తీసుకుంది. 1920 మార్చి 26న 'దిస్ సైడ్ ఆఫ్ ప్యారడైజ్' వెలువడింది, ఏప్రిల్ 3న పెళ్లి జరిగింది. దీన్నిబట్టి జెల్డాను డబ్బుమనిషి అనడం అన్యాయం. 18 ఏళ్ల పిల్ల రేపటి గురించి భయపడింది, అంతే. ఆ భయం అతన్ని బాధపెట్టింది కానీ అతని చేతిలోని కాగితం లాక్కోలేదు.

జెల్డాకు జరిగింది అలాంటిది కాదు. తన పాత డైరీలో ఒక భాగం, కొన్ని ఉత్తరాల ముక్కలు భర్త రెండో నవలలో కనిపించాయని 1922లోనే ఆమె ఒక పత్రికా సమీక్షలో రాసింది. ఆమె రాసిన కథలు కొన్ని ఇద్దరి పేర్లతో అచ్చయ్యాయి. 1930లో 'శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' 4,000 డాలర్లిచ్చి వేసుకున్న 'ఎ మిలియనేర్స్ గర్ల్' మీదైతే స్కాట్ పేరు ఒక్కటే ఉంది.

1932 ఆరంభంలో, బాల్టిమోర్‌లోని ఫిప్స్ క్లినిక్‌లో మానసిక చికిత్స పొందుతూ, ఆమె కొద్ది వారాల్లోనే 'సేవ్ మీ ద వాల్ట్జ్' నవల పూర్తిచేసింది. భర్తకు చూపించకుండా నేరుగా సంపాదకుడు మాక్స్‌వెల్ పెర్కిన్స్‌కు పంపింది. స్కాట్ మండిపడ్డాడు. ఏళ్ల తరబడి తాను రాస్తున్న 'టెండర్ ఈజ్ ద నైట్'కు ఆధారమైన అనుభవాలనే ఆమె వాడుకుందని అతని ఆరోపణ. కొన్ని భాగాలు తీయించాడు, మార్పించాడు. అతని వైపూ కొంత న్యాయం ఉంది: ఆస్పత్రి ఖర్చులు, కూతురి చదువు అతని రాతల మీదే నడిచేవి. అప్పులున్న మనిషి తన నవల విలువ తగ్గిపోతుందని భయపడటం అర్థమయ్యేదే. అయినా జబ్బుపడింది ఆమె. ఆ జబ్బు గురించి, ఆ కాపురం గురించి రాయడానికి ఆమెకు ఇంకొకరి అనుమతి అవసరం లేదు.

అక్టోబరులో పుస్తకం వచ్చింది. 1,392 ప్రతులే అమ్ముడయ్యాయి, ఆమెకు ముట్టింది 120.73 డాలర్లు. రాబడిలో సగం, 5,000 డాలర్ల దాకా, భర్త ప్రచురణ సంస్థకు పడ్డ బాకీ కింద జమకట్టుకోవాలని ఒప్పందంలోనే రాసుకున్నారు.

1933 మేలో ఇద్దరూ డాక్టరు సమక్షంలో కూర్చుని వాదించుకున్నారు. పక్కనే ఒక స్టెనోగ్రాఫర్ ప్రతి మాటా రాసుకుంది, ఆ పత్రం 114 పేజీలైంది. తాను వృత్తి రచయితననీ, ఇద్దరూ కలిసి గడిపిన జీవితమంతా తన సరుకేననీ స్కాట్ వాదన. ఆమె కథలు, నవలలు రాయడం మానాలన్నది అతని షరతు. నేర్చుకునే దశలో ఉన్న రచయితకు ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. ఎందుకంటే తొలి నవలలకు చాలామంది దగ్గర ఉండేది తాము బతికిన బతుకొక్కటే. అది మూసేస్తే రాయడానికి మిగిలేది చాలా తక్కువ.

జెల్డా మాత్రం పూర్తిగా ఆగలేదు. బొమ్మలు వేసింది. స్కాట్ 1940లో పోయాక 'సీజర్స్ థింగ్స్' అనే నవలలో మళ్లీ అదే జీవితాన్ని రాయడం సాగించింది. 1948 మార్చిలో, ఆష్‌విల్‌లోని ఆస్పత్రిలో అగ్నిప్రమాదంలో ఆమె మరణించేనాటికి అది అసంపూర్తిగానే ఉంది.