‘క్లారా అండ్ ది సన్’: వెలుగు సోకని ప్రశ్న

నాగసాకిలో 1954లో జన్మించి, బాల్యముననే ఇంగ్లండు చేరి, 2017లో సాహిత్యమునకు నోబెల్ బహుమానము పొందిన కజువో ఇషిగురో 2021లో ప్రకటించిన నవల ఇది. కథ చెప్పునది మనుష్యుడు కాదు. పిల్లలకు తోడుగా ఉండుటకై అంగడిలో అమ్మకమునకు పెట్టిన క్లారా అను యంత్రబాలిక. ఆమెకు శక్తినిచ్చునది సూర్యుని ఎండ.

నవలలోని రచన బహు నిర్మలమైనది. చిన్నమాటలు, తొందర లేని వాక్యములు. కలతపడినప్పుడు క్లారా చూపులో దృశ్యము గళ్లుగళ్లుగా విడిపోవును. యంత్రము ఎట్లు చూచునో వివరింపక, పాఠకునిచేతనే అట్లు చూపించుట రచయిత నేర్పు.

అంతకంటె మెచ్చదగినది క్లారా చేయు తర్కము. వీథిలో చనిపోయినారని తాను తలచిన బిచ్చగాడును, అతని కుక్కయు ఎండ తగులగానే లేచుట చూచి, సూర్యుడు ప్రాణము పోయగలడని ఆమె నమ్మును. తన్ను కొనుక్కొన్న జోసీ అను బాలిక జబ్బుపడగా, ఆ నమ్మకముతోనే సూర్యుని వేడుకొనును. తనకు ఎండ ఆహారము గనుక, అది అందరికిని ఔషధమే అనుకొన్నది! ఒకే పరిశీలన నుండి సూత్రము కల్పించుటలోని పొరపాటును తరగతిలో బోధించుటకు ఇది చక్కని ఉదాహరణము.

అయితే జోసీకి జబ్బు ఎందుకు వచ్చినది? తెలివి పెంచుటకై చేయించిన జన్యు సవరణ వలన. ఆమె అక్క అంతకుముందే మరణించినది. అయినను తల్లి రెండవ బిడ్డకును అదే చేయించినది. సవరణ జరుగని పొరుగు బాలుడు రిక్‌కు కళాశాలల తలుపులు దాదాపు మూతపడినవి. ఇంతటి విషయమునకు నవలలో దక్కినవి కొన్ని పొడిమాటలే. జన్యువులలో ఏది మార్చిరో, ఆ మార్పు దేహమును ఎట్లు చెరచెనో ఎవ్వరును చెప్పరు. క్లారాకు తెలియనిది ఆమె ఎట్లు చెప్పగలదని సమర్థింపవచ్చును. కాని జోసీ తండ్రి ఇంజనీరు. క్లారాతో అతడు చాలసేపు మాటాడును. ఈ ప్రశ్నకు అక్కడ చోటుండియు రచయిత దాటిపోయెను.

ఇది ఊహాలోకపు సమస్య కాదు. క్రిస్పర్ అను జన్యు కత్తెరను 2012లో వివరించిన షార్పాంటియే, డౌడ్నా అను శాస్త్రజ్ఞురాండ్రకు 2020లో రసాయన శాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. పిండదశలో జన్యువులు సవరింపబడిన కవలలు పుట్టిరని 2018లో చైనాకు చెందిన ఒక శాస్త్రజ్ఞుడు ప్రకటింపగా, ప్రపంచమెల్ల ఆక్షేపించెను. కత్తెర తగులరాని చోట తగులవచ్చును. పిండమున చేసిన మార్పు తరువాతి తరములకును సంక్రమింపవచ్చును. కథను ఇంకను బిగువుగా నడుపదగిన సామగ్రి ఇదియే.

చివరకు ఒక ఉదయమున గది నిండ ఎండ పడును, జోసీ కోలుకొనును. జబ్బునకు సరియైన వివరము లేనట్లే స్వస్థతకును లేదు. బిడ్డ బ్రతికినందున, తల్లి చేసిన జూదమునకు లెక్క అడుగువారును లేకపోయిరి. నవలకు గల పెద్దలోపము ఇదియే.

ఐనను ఇది తప్పక చదువదగిన పుస్తకము. చదివిన పిదప ఉపాధ్యాయులు విద్యార్థులను ఈ ప్రశ్న అడుగవచ్చును: జోసీని బ్రతికించినది ఎండయే అని రుజువు చేయవలెనన్న ఏ ప్రయోగము చేయవలెను?