కుక్కపిల్ల తొలి వారములు: ఒక గ్రంథ పరిశీలన

కుక్క ఈనిన ఇంటిలో పిల్లలు మొదట అడుగు ప్రశ్న, "ఇవి ఎప్పుడు కండ్లు తెరచును?" అనునదే. దీనికి, దీనితోపాటు మరెన్నో ప్రశ్నలకు సమాధానమిచ్చు గ్రంథము 'జెనెటిక్స్ అండ్ ది సోషల్ బిహేవియర్ ఆఫ్ ది డాగ్'. అమెరికాలోని బార్ హార్బర్‌లో గల జాక్సన్ ప్రయోగశాలలో ఐదు జాతుల కుక్కలను ఏండ్ల తరబడి పరిశీలించి, జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు దీనిని వ్రాసిరి. ఇది 1965లో వెలువడినది.

ఈ గ్రంథకర్తలు కుక్కపిల్ల ఎదుగుదలను దశలుగా విభజించిరి. మొదటి రెండు వారములు నవజాత దశ. అప్పుడు పిల్లకు చూపు లేదు, వినికిడి లేదు. తల్లి నాకినగాని మూత్రమైనను విడువలేదు. మూడవ వారము పరివర్తన దశ. కండ్లు తెరచుకొనును, చెవులు వినబడును, నడక మొదలగును. ఆ పిమ్మట 12 వారముల వరకు సాంఘిక దశ. ఈ దశ ప్రాముఖ్యమును 1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనువారి ప్రయోగము చక్కగా చూపినది: 14 వారముల వరకు మనుష్య సంపర్కము లేక పెరిగిన పిల్లలు మనుష్యులకు మచ్చిక కాలేదు.

ఆరోగ్యవంతమైన పిల్ల ఎట్లుండునో తెలిసిననే గాని లోపము గుర్తింపరాదు. ఆ కొలమానము నిచ్చుటయే ఈ గ్రంథము చేసిన మేలు. కాని చదువరులు దీనిని రైళ్ల వేళల పట్టికవలె వాడుట పొరపాటు. కండ్లు తెరచు దినము జాతిజాతికి మారునని ఈ గ్రంథమే చూపినది. 13వ దినమున కండ్లు విడలేదని రెప్పలను బలవంతముగా విప్పరాదు. అయితే మూసిన రెప్పల క్రింద వాపు, చీము కనబడినచో వెంటనే పశువైద్యునకు చూపవలెను.

ఇది ప్రవర్తనా శాస్త్ర గ్రంథమేగాని వైద్య గ్రంథము కాదు. ఈ పరిమితిని ఉపాధ్యాయులు మరువరాదు. తొలి దినములలో ప్రాణమును నిర్ణయించునది కండ్లు కాదు, బరువు, వెచ్చదనము. మొదటి దినము గడచిన పిదప పిల్ల నిత్యము బరువు పెరుగవలెను. సుమారు 10 దినములకు పుట్టినప్పటి బరువు రెట్టింపగును. తొలి వారమున పిల్లకు వణకు శక్తియైనను ఉండదు. అందుచేత తల్లికి దూరమైనచో త్వరగా చల్లబడును. చల్లబడిన పిల్లకు ప్రేగులు పనిచేయవు. దానికి వెంటనే పాలు పట్టుట హానికరము. ముందు మెల్లగా వెచ్చజేసి, పిమ్మట పాలు పట్టవలెను.

త్రాగిన పాలు ముక్కునుండి వచ్చినచో అంగిలి చీలియుండవచ్చును. మూడు వారములు దాటినను కాళ్లు ప్రక్కలకు చాచి, కప్పవలె నేలకు అంటుకొని ప్రాకు పిల్లను జారుడు నేలపై ఉంచరాదు. గరుకు గుడ్డ పరచి, వైద్యుడు చూపినట్లు కాళ్లను కదలించుచుండినచో అనేక పిల్లలు నిలబడగలవు. "ఇది బ్రతుకదు" అని విడిచివేసిన పిల్లలలో ఇట్టివి కొన్ని ఉండును.

ఈ గ్రంథమును చదివిన ఉపాధ్యాయుడు విద్యార్థుల చేతికి ఒక చిన్న త్రాసు, ఒక నోటుపుస్తకము కూడ ఇచ్చినచో, గ్రంథము చెప్పినదియు చెప్పనిదియు రెండును వారికి బోధపడును.