రాంగ్లర్ అను మాట

పరాంజపే గారు 1899లో కేంబ్రిడ్జి గణితపరీక్షయందు, మరియొక విద్యార్థితో సమముగా, మొదటి స్థానము నొందిరి. నాటినుండి మన దేశమువారు ఆయనను రాంగ్లర్ పరాంజపే యనియే పిలిచిరి. బిరుదము ఇంటిపేరువలె నంటుకొన్నది గాని, దాని యర్థమేమని యడిగినవారు తక్కువ.

ఆంగ్లమున రాంగిల్ అనగా జగడమాడుట. పూర్వమచ్చట పట్టము గోరువాడు లాటిను భాషలో వాదించి నెగ్గవలసియుండెను. మన నైయాయికులు కథను మూడు విధములుగా జెప్పిరి: తత్త్వము దెలియుటకు వాదము, గెలుచుటకు జల్పము, ఎదుటిపక్షమును గొట్టివేయుటకే వితండ. రాంగ్లర్ అను పేరు జల్పమునకే దగ్గరగా నున్నది. కావున దానిని తార్కికుడని తెనిగించుట మాకు సమ్మతము కాదు.

నోటివాదము పోయి వ్రాతపరీక్ష వచ్చినను పేరు నిలిచినది. పేరుతో గెలుపుమీది దృష్టియు నిలిచినది. ప్రథముడు సీనియర్ రాంగ్లర్. ఆ స్థానముకొరకు విద్యార్థులు ప్రత్యేకముగా ఉపాధ్యాయులకు సొమ్మిచ్చి, లెక్కలు వేగముగా జేయుట నభ్యసించుచుండిరి. 1854లో ప్రథముడైన రౌత్ పిమ్మట అట్టి యుపాధ్యాయుడై, ఇరువదిమందికి పైగా సీనియర్ రాంగ్లర్లను దయారుచేసెను. ఆ యేట రెండవవాడెవరు? విద్యుదయస్కాంత సిద్ధాంతమును లోకమున కిచ్చిన మాక్స్‌వెల్! మేమును బడిపంతులమే కనుక రౌత్ శ్రమను చులకన చేయము; కాని మార్కుల వరుస చూచినప్పుడెల్ల మాకీ సంగతి జ్ఞప్తికి వచ్చును.

1890లో మరియొక వింత జరిగినది. న్యూన్‌హామ్ కళాశాల విద్యార్థిని ఫిలిప్పా ఫాసెట్ పురుషులందరిని మించెను. స్త్రీల ఫలితములను వేరుగా జదువు నాచారముండుటచే, ఆమె స్థానమును "సీనియర్ రాంగ్లరునకు పైన" అని ప్రకటించిరి. అన్నిటికిని పైదను మాటకు పైన నింకొకటి యుండుట ఏ వ్యాకరణమునకు గుదురును? పట్టమును ఇయ్యలేదు. కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి పట్టములిచ్చుట నారంభించినది 1948లో. ఆమె మరణించినదియు ఆ యేడే.

1909తో ఆ వరుస ప్రకటించుట మానిరి. 1898లో నాలుగవ రాంగ్లరైన హార్డీ యందుకు పోరాడినవారిలో నొకడు. నేడు ప్రథమశ్రేణివారందరును రాంగ్లర్లే.

మా తరగతిలో నీ కథ చెప్పినప్పుడు ఒక బాలిక లేచి, "అయితే పంతులుగారూ, ఆమెను ఏమని పిలిచిరి?" అని యడిగినది. ఏ పేరును లేదని చెప్పితిమి.