పన్నెండు నెలల కాగితాలు, ఒక్క ఫైలు

బ్యాంకు స్టేట్‌మెంటు, కరెంటు బిల్లు, పే స్లిప్పు, బీమా రసీదు... నెల తిరిగేసరికి అన్నీ పీడీఎఫ్‌లుగా మెయిల్‌లో వచ్చి పడతాయి. జూలైలో రిటర్ను వేసేటప్పుడు ఆడిటరుగారు అడిగితే తప్ప వాటి జోలికి పోం. ఆ హడావుడిలో చాలామంది ఏదో ఉచిత వెబ్‌సైట్ తెరిచి, పాన్ నంబరు, ఖాతా వివరాలు ఉన్న ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించి కలిపించుకుంటారు. నాకిది బొత్తిగా నచ్చదు. మన కంప్యూటర్లోనే క్షణాల్లో అయ్యే పనికి ఇంటి లెక్కలు ముక్కూమొహం తెలియని సర్వర్‌కు అప్పజెప్పడం దేనికి?

క్యూపీడీఎఫ్ అనే ఉచిత ఉపకరణం ఉంది. ఒక్క లైను ఆదేశంతో పేజీలను ఉన్నవి ఉన్నట్టే ఒక ఫైలులోకి చేరుస్తుంది. ఆ లైనును స్క్రిప్టులో పెట్టి లినక్స్‌లో క్రాన్‌కో, విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్‌కో అప్పగిస్తే మనం గుర్తుపెట్టుకోకపోయినా పని జరిగిపోతుంది.

చిక్కంతా వరుసలో ఉంది. కంప్యూటర్ ఫైళ్ల పేర్లను ఇంగ్లిష్ అక్షరక్రమంలో పేరుస్తుంది. నెలల పేర్లు పెడితే ఏప్రిల్ ముందు రావడంతో మన ఆర్థిక సంవత్సరానికి సరిపోయిందనిపిస్తుంది, కానీ ఆ వెంటనే ఆగస్టు, తర్వాత డిసెంబరు వస్తాయి. ఉత్త అంకెలు పెడితే 2 కంటే ముందు 10 వచ్చి కూర్చుంటుంది. అందుకే సంవత్సరం ముందు, నెల తర్వాత, రెండంకెల్లో రాయాలి: 2025-04, 2025-05 అని. పేరు మార్చే ఈ పని కూడా స్క్రిప్టుకే వదిలేయొచ్చు.

కలిపాక పేజీలు లెక్కపెట్టించడం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. విడి ఫైళ్ల పేజీలు కూడితే 41 వచ్చిందనుకోండి, కలిపినదానిలోనూ 41 ఉండాలి. తేడా వస్తే స్క్రిప్టు అక్కడే ఆగాలి. సరిపోయినా విడి ఫైళ్లను చెరిపేయకూడదు, పాతవాటి ఫోల్డర్‌లోకి జరపాలి, అంతే. నాలుగు లైన్లు ఎక్కువ రాయడానికి బద్ధకించి ఒరిజినల్స్ పోగొట్టుకుంటే తిరిగి తెచ్చిచ్చేవాళ్లుండరు.

బ్యాంకు స్టేట్‌మెంట్లకు పాస్‌వర్డ్ ఉంటుంది. అది చెప్పకపోతే క్యూపీడీఎఫ్ ఫైలును తెరవదు. చెప్పి కలిపిస్తే వచ్చే ఫైలుకు, మనం మళ్లీ వేస్తే తప్ప, తాళం ఉండకపోవచ్చు. ఏళ్ల తరబడి దాచడానికి 2005లో ఐఎస్‌ఓ ప్రమాణంగా వచ్చిన పీడీఎఫ్/ఏ ఫైలుకు అసలు తాళమే ఒప్పుకోదు, వాడిన ఫాంట్లన్నీ ఫైలులోనే ఉండాలంటుంది. తెలుగువాళ్లకు ఈ నియమం బాగా పనికొస్తుంది. ఫాంటు లోపల లేకపోతే వేరే కంప్యూటర్లో మన అక్షరాల చోట డబ్బాలు కనిపించే ప్రమాదం ఉంది. ఇలా దాచేటప్పుడు తాళం ఫైలుకు కాదు, దాన్ని దాచే డ్రైవ్‌కు వేయండి.

ఇంకొక్క మాట. ఫారం 16, ఈ-ఆధార్ లాంటివాటిలో డిజిటల్ సంతకం ఉంటుంది. వేరే ఫైలుతో కలిపితే ఆ సంతకం చెల్లదు, పేజీ మీద గుర్తు మాత్రం మిగులుతుంది. వాటిని వేరే ఫోల్డర్‌లో, డౌన్‌లోడ్ చేసింది చేసినట్టే ఉంచండి. స్క్రిప్టును ఆ ఫోల్డర్ వైపు వెళ్లనివ్వకండి.