బలం పెరగడం, పాత్ర ఎదగడం: వెండితెర హనుమంతుడు

ఒకే నాయకుడు పలు చిత్రాల్లో కనిపించినప్పుడు అతని పాత్ర ఎదిగిందా, బలం మాత్రమే పెరిగిందా? జవాబు పత్రాల్లో ఈ రెండూ తరచుగా కలిసిపోతుంటాయి. మొదటి చిత్రంలో కారును ఎత్తినవాడు మూడో చిత్రంలో కొండను ఎత్తితే అది పాత్ర పరిణామం కాదు. తన బలం గురించి అతని ఆలోచన మారితేనే పాత్ర మారినట్టు. హాలీవుడ్ ‘ఐరన్‌మ్యాన్’లో (2008) ఆయుధాల వ్యాపారి టోనీ స్టార్క్ తాను తయారుచేసిన ఆయుధాలే శత్రువుల చేతిలో ఉండటం చూసి మారతాడు. 2019లో వచ్చిన ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’లో ప్రాణమే ఇస్తాడు. పదకొండేళ్ల ఆ వరుసలో కవచాలు మారుతూనే ఉన్నాయి. మనకు గుర్తుండేది ఆ మనిషి.

తెలుగులో ఇంత పొడవైన వరుస ఒకే సంస్థ నుంచి రాలేదు. కానీ దర్శకులు, నటులు మారినా దశాబ్దాలుగా తెరమీదికి వస్తూనే ఉన్న నాయకుడు ఒకడున్నాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల విద్యార్థులకు ఆయనను పరిచయం చేయనక్కర్లేదు. మాల వేసుకొని కొండగట్టుకు వెళ్లినవారు మీ ఇంట్లోనో మీ వాడలోనో ఉంటారు. అయితే ఇక్కడ మనం చూసేది కథలోని పాత్రను.

మూలంలో ఈ పాత్ర ఎంత సూక్ష్మమైనదో గమనించండి. జాంబవంతుడు గుర్తుచేసేదాకా హనుమంతుడు సముద్రం దాటడానికి ముందుకు రాడు. అశోకవనంలో సీతతో ఏ భాషలో మాట్లాడాలా అని తటపటాయిస్తాడు; సంస్కృతంలో మాట్లాడితే తనను రావణుడనుకుంటుందేమోనని భయం. లంకను కాల్చిన తర్వాత, ఆ మంటల్లో సీత కూడా కాలిపోయిందేమోనని వణికి, తన కోపాన్ని తానే నిందించుకుంటాడు. తన బలాన్ని చూసి తానే భయపడిన వీరుడతడు. సుందరకాండలో సముద్రలంఘనం కన్నా ఇదే పెద్ద ఘట్టమని నా అభిప్రాయం.

మన సినిమాలు ఎక్కువగా ఎగరడాన్నీ కాల్చడాన్నీ తీసుకొని ఈ వణుకును వదిలేశాయి. అందుకే బాపు దర్శకత్వంలో వచ్చిన ‘శ్రీరామాంజనేయ యుద్ధం’ (1975) ప్రత్యేకంగా నిలుస్తుంది. అందులో ఎన్.టి.రామారావు రాముడు, ఆర్జా జనార్దనరావు హనుమంతుడు. ఈ కథ వాల్మీకంలో లేదు. యయాతిని చంపుతానని రాముడు మాట ఇచ్చాడు. అదే యయాతిని కాపాడే భారం హనుమంతుడిమీద పడింది. ఎదుట నిలిచినవాడు రాముడు. ఇక్కడ గద పనికిరాదు, బలం పనికిరాదు, మిగిలింది రామనామం. స్వామికి ఎదురు నిలుస్తూనే స్వామి భక్తుడిగా ఉండటం ఎలా అన్నదే సమస్య. వెండితెర హనుమంతుడికి ఇంతకన్నా కఠినమైన పరీక్ష పెట్టిన చిత్రం అరుదు.

2024 జనవరిలో విడుదలైన ప్రశాంత్ వర్మ ‘హను-మాన్’లో నాయకుడు దేవుడు కాదు. అంజనాద్రి అనే కల్పిత గ్రామంలో చిల్లర దొంగతనాలు చేసే కుర్రాడు హనుమంతు (తేజ సజ్జా). హనుమంతుడి రక్తబిందువు నుంచి పుట్టిన మణి అతనికి దొరుకుతుంది; అది ఎండ ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఈ నియమం కథనానికి బిగువునిచ్చింది, ఒప్పుకోవాలి. కానీ ఆ మణి ఎలా దొరికిందో చూడండి: బలం లేని రోజున మీనాక్షిని కాపాడబోయి, గాయపడి నీళ్లలో పడతాడు. అతని పాత్రలో అత్యుత్తమ క్షణం అదే, అది మణికి ముందే అయిపోయింది. ఆ తర్వాత పిడికిలి గట్టిపడుతుంది గానీ ఆలోచన అంతగా లోతెక్కదు. సూపర్‌హీరో కావాలన్న పిచ్చితో సొంత తల్లిదండ్రులనే బలి తీసుకున్న ప్రతినాయకుడు మైఖేల్, బలం కోరిక మనిషిని ఏం చేస్తుందో ఇతనికన్నా స్పష్టంగా చూపిస్తాడు. దీని కొనసాగింపుగా ‘జై హనుమాన్’ను ప్రకటించారు. అది చూసేటప్పుడు ఎంత ఎత్తుకు ఎగిరాడన్నది పక్కనపెట్టి, ఎక్కడ ఆగి ఆలోచించాడో లెక్కపెట్టండి.

అభ్యాసం: మీ ఊరిలో గానీ పక్క ఊరిలో గానీ చిరుతల రామాయణంలో ఆంజనేయుని వేషం కట్టినవారిని కలవండి. లంకాదహనం తర్వాత హనుమంతుడు సీత కోసం కంగారుపడే ఘట్టం వారి ఆటలో ఉందా? ఉంటే ఎలా ఆడతారు, లేకపోతే దాని స్థానంలో ఏముంది? ఒక పుటకు మించకుండా రాయండి.